రెండిళ్ల మధ్య సందు

మొన్న సంక్రాంతికి మా మరిది పిల్లల్నీ భార్యనీ తీసుకుని మా ఇంటికి వచ్చాడు. అరిసెలు తింటున్నంతసేపూ సినిమాల మీద, రాజకీయాల మీద నడిచిన కబుర్లు కాఫీల వేళకి మా కొత్తకారు మీదికి మళ్లాయి. పాత బండి మార్చి కొత్తది కొందామని మా వారు అప్పటికి ఆరునెలలుగా తర్జనభర్జన పడుతున్నారు.

"వదినా, అన్నయ్యకి లోకజ్ఞానం లేదు, మీరైనా వినండి" అన్నాడు మా మరిది. "బండి ఇక్కడ రిజిస్టరు చేయిస్తే లైఫ్‌టాక్సు కింద బోలెడు పోతుంది. యానాంలో చేయించండి. అక్కడ నాకు తెలిసినాయన ఉన్నాడు. మీరు ఆయనింట్లో అద్దెకుంటున్నట్టు ఓ కాగితం రాసిస్తాడు. మిగిలిన డబ్బుతో మీ మెళ్లోకి ఓ గొలుసు వస్తుంది."

గొలుసు అనేసరికి నా మనసు కాస్త మెత్తబడిన మాట నిజం. ఆడదాని బలహీనత అని నవ్వుకుంటే నవ్వుకోండి. పైగా ఆ చెప్పినవాడు దొంగ కాదు, దుర్మార్గుడు కాదు. పక్కింట్లో పెళ్లయితే పదివేలు చేబదులిచ్చి మళ్లీ అడగడానికి మొహమాటపడే మనిషి. అలాంటి మనిషి నోట అంత తేలిగ్గా వచ్చిన మాటలో తప్పెక్కడుందో ఆ క్షణాన నాకు తోచలేదు. "చూద్దాంలే" అన్నాను. అన్నానే గానీ ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మా గోదావరి జిల్లాలవాళ్లకి యానాం సంగతి చెప్పనక్కర్లేదు. తక్కినవాళ్ల కోసం రెండు ముక్కలు. గౌతమీ గోదావరి ఒడ్డున, కాకినాడకి 30 కిలోమీటర్ల దూరంలో ఉంది యానాం. మొత్తం కలిపితే 30 చదరపు కిలోమీటర్లు. చుట్టూరా ఆంధ్రదేశమే. మాట మనదే, కూర మనదే, పులస మీద మోజూ మనదే. కానీ 1954 దాకా అక్కడ ఫ్రెంచివాళ్ల ఏలుబడి. ఇప్పుడు ఎనిమిదివందల కిలోమీటర్లకి పైగా దూరాన ఉన్న పుదుచ్చేరి ప్రభుత్వానిది. అందుచేత అక్కడి పన్నులు వేరు, ఇక్కడి పన్నులు వేరు. పెట్రోలు మీద అక్కడ పన్ను తక్కువ. మందు మీద తక్కువ. బండి రిజిస్ట్రేషను మీదా తక్కువే. మా పుట్టిల్లు కోనసీమలో. కాకినాడ నుంచి వెళ్లాలంటే యానాం మీదుగానే, ఎదుర్లంక వారధి దాటి వెళ్లాలి. దారిలో అక్కడ పెట్రోలు పోయించుకోకుండా మేం ఏనాడూ వెళ్లలేదని ముందే ఒప్పేసుకుంటున్నాను.

నిద్రపట్టని ఆ రాత్రి నాకు మా అమ్మమ్మ గుర్తొచ్చింది. కారుకీ అమ్మమ్మకీ ఏమిటి సంబంధం అంటారేమో, చెబుతాను.

అమ్మమ్మది కోనసీమ. తాతయ్యదీ కోనసీమే. పెళ్లి మాత్రం యానాంలో జరిగింది, 1932లో. అప్పటికి ఆవిడకి తొమ్మిదేళ్లు. శారదా చట్టం 1930 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చి, పధ్నాలుగేళ్లు నిండని పిల్లకి పెళ్లి చేస్తే శిక్ష అంది. ఆ చట్టం ఇంగ్లీషువాళ్ల రాజ్యంలో. యానాంలో ఫ్రెంచివాళ్లు కదా, అక్కడ అది చెల్లదు. అంచేత చుట్టుపక్కల ఊళ్ల పెద్దమనుషులు పిల్లల్ని వెంటబెట్టుకుని అక్కడికెళ్లి మూడుముళ్లూ వేయించుకొచ్చేవారు. అలా జరిగిన పెళ్లిళ్ల వల్ల ఆ ఊరికి కల్యాణపురం అనే పేరు కూడా ఉండేది.

"పడవలో తీసుకెళ్లారే. మంగళవారం సంతకనుకున్నాను. అక్కడ పైదేశాల సరుకు చవగ్గా దొరికేది. గాజులు కొనిపెడతారనుకున్నాను. కొన్నారు కూడాను. గాజులు తొడిగి తీసుకెళ్లి పీటల మీద కూర్చోబెట్టారు" అని చెప్పేది అమ్మమ్మ. నవ్వుతూనే చెప్పేది. ఆ నవ్వు నాకు చిన్నప్పుడు అర్థం కాలేదు.

మరో సంగతి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు కొంగు బిగించి సారా దుకాణం మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. నేనప్పుడు ఇంటర్మీడియెట్ చదువుతున్నాను. మా అత్తయ్య ఆనాడు దేవుడి దగ్గర కొబ్బరికాయ కొట్టిన దృశ్యం ఇంకా కళ్లకి కడుతుంది. మా చిన్న మావయ్య తాగుడుతో ఆవిడ అంత విసిగిపోయి ఉంది. కానీ యానాం పుదుచ్చేరిది. అక్కడ దుకాణాలు తెరిచే ఉన్నాయి. అప్పటికి వారధి లేదు, పంటు మీద ఏరు దాటాలి. సాయంత్రం పంటు మీద వెళ్లిన మావయ్య ఆఖరి పంటులో తూలుతూ దిగేవాడు. అత్తయ్య లాంతరు పట్టుకుని రేవులో నిలబడేది. రాష్ట్రంలోని ఆడవాళ్లంతా కలిసి సాధించుకున్నది, 30 చదరపు కిలోమీటర్ల సందులోంచి మా ఇంటికి కారిపోయింది.

1997లో నిషేధం సడలించారు. కారణాలు అనేకం, ఖజానాకి పడిన లోటు అందులో ఒకటి. మీకు తమాషాగా ఉంటుందేమో గానీ, మన ప్రాంతంలో అమ్మకం పన్ను పుట్టిందే ఆ లోటులోంచి. 1939లో మద్రాసు రాజధానిలో రాజాజీగారి ప్రభుత్వం మద్యనిషేధం వల్ల తగ్గిన రాబడిని పూడ్చుకోవడానికి సరుకుల అమ్మకం మీద పన్ను వేసింది. అప్పుడు గోదావరి జిల్లాలు మద్రాసు రాజధానిలోవే. మగవాళ్లు తాగితే వచ్చే డబ్బు వద్దనుకున్న సర్కారు ఆ భారాన్ని కొనే ప్రతివాళ్ల మీదా సర్దిందన్నమాట. తరవాత సర్కారు రెండు డబ్బులూ కావాలనుకుంది, అది వేరే కథ.

అమ్మమ్మ గాజులు, మావయ్య పంటు, మా మరిది చెప్పిన గొలుసు మూడూ ఒకే సందులోంచి వచ్చినవని ఆ రాత్రి నాకు తోచింది. ఇద్దరు ప్రభువులు ఒకరి మొహం ఒకరు చూసుకోకపోతే మధ్యలో ఏర్పడే సందు అది.

ఈ సందు సంగతి తెలుసుకోవడానికి యానాం దాకా ఎందుకు, మా ఇల్లు చాలు. ఆ మధ్య ఆవకాయలో ఆవపిండి పాలు గురించి మొదలై, మా అత్తయ్యగారికీ నాకూ పదిహేను రోజులు మాటల్లేవు. ఆ పదిహేను రోజుల్లో మా అబ్బాయి పుస్తకానికని నా దగ్గర డబ్బు తీసుకున్నాడు. అదే పుస్తకానికి నాయనమ్మ దగ్గర తీసుకున్నాడు. వాళ్ల నాన్న దగ్గరా తీసుకున్నాడట! ఆవకాయ ఊరి, మా ఇద్దరికీ మాటలు కలిసిన రోజున గుట్టు బయటపడింది. వాడిని కేకలేశాం. అబద్ధం వాడిదే, కాదనను. ఆ అబద్ధానికి చోటిచ్చింది మాత్రం మేం పెద్దవాళ్లం. అప్పట్నుంచి ఎవరు డబ్బిచ్చినా వంటింటి కాలెండరు మీద రాస్తున్నాం. వాడు ఉత్తముడయ్యాడని నేననను గానీ, పుస్తకాలు మాత్రం ఒక్కసారే కొంటున్నాడు.

మన రాష్ట్రాలు కూడా చాలా ఏళ్లు మా అత్తాకోడళ్ల లాగే ఉన్నాయి. ఒకరు ఓ సరుకు మీద పన్ను తగ్గిస్తే, వ్యాపారం అటు పోతుందని పక్కవారు ఇంకాస్త తగ్గించేవారు. ఫ్యాక్టరీ మా దగ్గర పెట్టండి, ఇన్నేళ్లు పన్నే అక్కర్లేదు అని ఒకరు పిలిస్తే, మా దగ్గర ఇంకా ఎక్కువేళ్లు అని మరొకరు. పన్ను తగ్గితే మనకి మంచిదేగా అనిపిస్తుంది. కానీ ఆ తగ్గిన డబ్బు ఎక్కడో అక్కడ రాబట్టాలి. పక్క రాష్ట్రానికి పోగలిగినవాడి దగ్గర రాదు. పోలేనివాడి దగ్గరే రాబట్టాలి.

పోలేనివాడెవడో నాకు మా ఇంట్లోనే తెలిసింది. మా ఇంట్లో పనిచేసే ఆమె భర్త కాకినాడలో ఆటో నడుపుతాడు. పొద్దున్నే చేతిలో ఉన్న రెండొందలకో మూడొందలకో బంకులో పోయించుకుంటాడు. "యానాంలో చవకట కదా, మీ ఆయన అక్కడ పోయించుకోకూడదూ?" అని ఓసారి తెలివితక్కువగా అడిగాను. "ఎల్లి రావడానికి అరవై కిలోమీటర్లండి అమ్మగారూ. పోయించుకున్న నూనె దారిలోనే అయిపోద్ది" అంది ఆమె. మేం ఏసీ వేసుకుని పుట్టింటికి వెళుతూ టాంకు నింపుకుంటాం. లీటరుకి పన్ను తక్కువ కట్టేది మేము, ఎక్కువ కట్టేది అతను. సందు అందరిదీ అనుకుంటాం గానీ, పెద్ద టాంకు ఉన్నవాళ్లకే అది పనికొస్తుంది.

రాష్ట్రాలకి ఈ సంగతి ఆలస్యంగానైనా తెలిసింది. 1999 నవంబరులో ముఖ్యమంత్రులు సమావేశమై, ఇంతకంటే తక్కువకి ఎవరూ దిగకూడదని అమ్మకం పన్నుకి ఓ అడుగు గీత గీసుకున్నారు. 2000లో రాష్ట్రాల ఆర్థికమంత్రులతో ఓ సంఘం ఏర్పడింది. పశ్చిమబెంగాల్ ఆర్థికమంత్రి అసీం దాస్‌గుప్తా దాన్ని చాలా ఏళ్లు నడిపించారు. 2005 ఏప్రిల్ 1న చాలా రాష్ట్రాల్లో వ్యాట్ మొదలైంది, మన ఆంధ్రా అందులో ఉంది. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది. సరిహద్దుల్లో పన్ను చెక్‌పోస్టుల ముందు లారీలు బారులు తీరి నిలబడడం తప్పింది. ఒక ఊళ్లో అమ్మినవాడు చూపిన బిల్లు ఇంకో ఊళ్లో కొన్నవాడి లెక్కతో సరిపోవాలి. మా వంటింటి కాలెండరు లాంటిదే, కాస్త పెద్దది.

ఆ జీఎస్టీ మండలిలో నాకు నచ్చిన సంగతి ఒకటుంది. ఓట్లలో మూడోవంతు బరువు కేంద్రానిది, రెండువంతులు రాష్ట్రాలన్నిటిదీ. ఆ రెండువంతుల్లో పెద్దా చిన్నా లేదు. ఉత్తరప్రదేశ్ ఓటుకి ఎంత విలువో పుదుచ్చేరి ఓటుకీ అంతే. ఇంటికి చిన్నకోడలి మాట కూడా లెక్కలోకి వచ్చిందన్నమాట. అయితే పెట్రోలుకి జీఎస్టీ ఇంకా వర్తింపజేయలేదు. తాగే మందుని అసలు దాని బయటే ఉంచారు. బండ్ల పన్ను రాష్ట్రాల చేతిలోనే ఉంది. అందుకే యానాంలో ఫ్రిజ్ ధరకీ కాకినాడలో ఫ్రిజ్ ధరకీ పన్ను వల్ల తేడా రాదు గానీ, పెట్రోలుకీ బ్రాందీకీ కారుకీ సందు ఇంకా తెరిచే ఉంది. 2017లోనే కేరళలో కొందరు పేరున్నవాళ్ల ఖరీదైన కార్లు పుదుచ్చేరి చిరునామాల మీద రిజిస్టరు అయ్యాయని పెద్ద గొడవై కేసులదాకా వెళ్లింది. మా మరిది చెప్పిన ఉపాయం కొత్తదేం కాదు.

ఇది మన ఒక్కరి గొడవా కాదు. దేశాలకి దేశాలే ఈ బాధ పడుతున్నాయి. ఆఫ్రికాలో ఘనా రాజధాని ఆక్రాలో ఓ బీరు ఫ్యాక్టరీ, దానికి దగ్గర్లోనే అదే బీరూ భోజనమూ అమ్ముకునే ఒకావిడ బడ్డీకొట్టు ఉండేవి. 2010లో యాక్షన్ ఎయిడ్ అనే స్వచ్ఛంద సంస్థ లెక్క తీసింది. ఓ ఏడాది ఆ బడ్డీకొట్టావిడ కట్టిన ఆదాయపు పన్ను ఆ ఫ్యాక్టరీ కట్టినదానికంటే ఎక్కువని తేలిందట! ఎలాగంటే, పేరు వాడుకున్నందుకు నెదర్లాండ్స్‌లోని తన సోదర కంపెనీకింత, సలహాలిచ్చినందుకు స్విట్జర్లాండ్‌లోని మరో సోదర కంపెనీకింత అని రాసేసరికి ఘనాలో లాభం అనేదే మిగల్లేదు. తప్పుచేయలేదని కంపెనీ వాదించింది లెండి. కాగితాల ప్రకారం అన్నీ సవ్యంగానే ఉండవచ్చు. ఆ బడ్డీకొట్టావిడకి మాత్రం నెదర్లాండ్స్‌లో సోదరి లేదు.

ఆఫ్రికా పన్ను అధికారులు 2009 నవంబరులో ఉగాండా రాజధాని కంపాలాలో కలుసుకుని తమకంటూ ఓ వేదిక పెట్టుకున్నారు. దాని కార్యాలయం దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో ఉంది. ఇప్పుడందులో నలభైకి పైగా దేశాలున్నాయి. పెద్ద కంపెనీల లెక్కలు ఎలా చదవాలో ఒకరి అధికారులకి ఒకరు నేర్పుకుంటారు, తెలిసిన సమాచారం ఇచ్చిపుచ్చుకుంటారు. 2015లో దక్షిణాఫ్రికా మాజీ అధ్యక్షుడు థాబో ఎంబెకీ నాయకత్వంలోని సంఘం ఓ లెక్క చెప్పింది. ఆఫ్రికా ఖండం నుంచి ఏటా 5 వేల కోట్ల డాలర్లకి పైగా అక్రమంగా బయటికి పోతోందట. బయటినుంచి వచ్చే సాయం కోసం చెయ్యి చాచే దేశాలు, తమ ఇంటి వెనక తలుపు ఎంత బార్లా తెరిచి ఉందో అప్పుడు చూసుకున్నాయి.

ఇంతా విని మా మరిది ఊరుకుంటాడనుకున్నారా? "వదినా, ప్రభుత్వాలన్నీ ఒకటైతే మనల్ని ఎవరు కాపాడతారు? ఓ కొట్టువాడు ధర పెంచితే పక్క కొట్టుకి పోతాం. అన్ని కొట్లూ కూడబలుక్కుంటే?" అన్నాడు. అందులో నిజం లేదనలేను. యానాంలో నాకు తెలిసిన ఓ కొట్టాయన ఉన్నారు. "మాకు పొలాలెక్కడివమ్మా? ఆ ధర తేడాయే మా పొలం. జీఎస్టీ వచ్చాక అది పోయింది" అంటారాయన. అందరూ ఒకటవడంలో చిన్నవాళ్లు నష్టపోయేది ఉంటుంది. రాష్ట్రాలకి రాబడి తగ్గితే పూడుస్తామని కేంద్రం అయిదేళ్లు, 2022 జూన్ దాకా, పరిహారం ఇచ్చింది. ఆ కొట్టాయనకి ఎవరిచ్చారు?

"పోనీ కట్టిన పన్నుకి రోడ్డయినా సరిగ్గా వేశారా?" అన్నది మా మరిది రెండో బాణం. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. మా వీధి మొగలో ఉన్న గోతిని రోజూ నేనూ చూస్తున్నాను.

అయితే గోదావరి నీళ్లు తాగి పెరిగిన నాకు ఒక్కటి తెలుసు. 1847 నుంచి 1852 దాకా కాటన్ దొరగారు ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించారు. ఏరు అక్కడ లంకల మధ్య నాలుగు పాయలుగా ఉంటుంది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు భాగాలుగా కట్టారు. మూడు పాయలకి కట్టి నాలుగోది వదిలేస్తే ఏమయ్యేదో చిన్నపిల్లాడు కూడా చెబుతాడు. ఏరంతా అటే పోయేది, కాలవల్లోకి చుక్క ఎక్కేది కాదు. నాలుగూ కట్టారు గనకే డెల్టా పండింది. అలాగని ఆనకట్ట ఉత్త గోడ కాదు. దానికి తూములున్నాయి, లాకులున్నాయి. ఎవరి చేనుకి ఎప్పుడు నీళ్లు వదలాలన్న లెక్క ఉంది. ప్రభుత్వాలు చేయి కలిపి సందు మూయడం సబబే. మూసినవాళ్లు తూములు ఎవరి చేల మీదికి తెరుస్తున్నారో అడిగే పని మనది. పన్ను ఎగ్గొట్టినవాడికి ఆ అడిగే నోరు ఉండదు. గోతిని చూపించి నిలదీయాలన్నా ముందు మన రసీదు మన చేతిలో ఉండాలి కదా!

ఇదంతా మా మరిదితో ఇంత వివరంగా అనలేదు. ఆడవాళ్ల ఉపన్యాసాలు కాఫీ చల్లారేలోగా అయిపోవాలి. "మనం లేని ఇంట్లో ఉంటున్నామని నేను సంతకం పెట్టలేనయ్యా. వేరే రాష్ట్రం బండిని పన్నెండు నెలలకి మించి ఇక్కడ తిప్పితే ఎలాగూ ఇక్కడ మళ్లీ నమోదు చేయించుకోవాలట. అబద్ధమైనా ఏడాదికోసారి కొత్తది చెప్పాలన్నమాట" అన్నాను. అతను నవ్వేశాడు గానీ మనసులో నొచ్చుకున్నాడు. ఉగాది దాకా ఫోను చేయలేదు. "మంచికి చెబితే తప్పు పట్టింది వదిన" అని తోడికోడలితో అన్నాడని తెలిసింది. కారు కాకినాడలోనే రిజిస్టరయింది. ఆ రసీదు చూసి మా వారు రెండు రోజులు పెద్దగా మాట్లాడలేదు. గొలుసు ఊసు ఇక ఎవరూ ఎత్తలేదు.

మా అత్తయ్యగారు మాత్రం, "మీ అమ్మమ్మ వింటే సంతోషించేదే అమ్మాయ్" అన్నారు. ఆవిడ ఆ మాట ఎందుకన్నారో నేనడగలేదు. ఆవిడ అత్తగారి పెళ్లి కూడా యానాంలోనే జరిగిందని తరవాత తెలిసింది.

మొన్న వేసవిలో కొత్త కారులో పుట్టింటికి బయల్దేరాం. యానాం వచ్చేసరికి పెట్రోలు ముల్లు సగం దగ్గరుంది. మా వారు బంకు వైపు చూసి, ఆ తరవాత నా వైపు చూశారు. ఏ అబద్ధమూ ఆడనక్కర్లేదు, ఏ సంతకమూ పెట్టనక్కర్లేదు, దారిలో ఉన్న బంకు. చట్టం దృష్టిలో తప్పే కాదు. కానీ ఆటో అతను గుర్తొచ్చాడు.

"పోయించండి" అన్నాను చివరికి, గొంతు కాస్త సన్నంగా. టాంకు నింపించారు.

చట్టం ఒప్పుకున్నవన్నీ మనసు కూడా ఒప్పుకోవాలని రూలేమైనా ఉందా? మీరైతే ఏం చేసేవారు?